అటెస్టేషన్ ఫారంలో ఆ ఒక్క గడి

ఆ కుర్రాడిది మా వీధి చివరి ఇల్లు. కానిస్టేబుల్ ఫైనల్ లిస్టులో పేరు వచ్చిందని వీధంతా స్వీట్లు పంచారు. తర్వాత పది రోజులకు, రాత్రి ఎనిమిదింటప్పుడు, ప్లాస్టిక్ ఫైలు ఒకటి పట్టుకుని మా ఇంటికొచ్చాడు. అందులో అటెస్టేషన్ ఫారం, అంటే ఉద్యోగంలో చేరేముందు మన పూర్వాపరాలు రాసిచ్చే కాగితం, మూడు కాపీలు. ఫొటోలు అంటించాడు. చదివిన స్కూళ్లు, అయిదేళ్లలో ఉన్న చిరునామాలు, అమ్మానాన్నల వివరాలు అన్నీ గుండ్రటి అక్షరాలతో నింపాడు. ఒక్క గడి దగ్గర మాత్రం పెన్ను ఆగిపోయింది. మీపై ఎప్పుడైనా క్రిమినల్ కేసు నమోదైందా, అరెస్టయ్యారా, ఏ కోర్టులోనైనా కేసు నడిచిందా, ఇప్పుడు నడుస్తోందా అని అడిగే గడి అది.

“బాబాయ్, ఇక్కడ ఏం రాయమంటారు?” అన్నాడు.

నాలుగేళ్ల కిందట వాళ్ల చేను గట్టు దగ్గర తగాదా జరిగింది. ఎదుటివాళ్లు ఇచ్చిన ఫిర్యాదులో వాళ్ల నాన్న ఏ1, బాబాయిలు ఏ2, ఏ3, అన్న ఏ4, వీడు ఏ5. ఇంటిల్లిపాదీ పేర్లూ రాయించడం మన పల్లెల్లో కొత్తేమీ కాదు. ఏడాదిన్నర కోర్టు చుట్టూ తిరిగాక లోక్ అదాలత్‌లో రాజీ అయింది. కేసు పోయింది అనుకుని అందరూ మర్చిపోయారు. ఇప్పుడు ఫ్రెండ్స్‌లో ఒకడు “కొట్టేసిన కేసే కదా, లేదని రాసెయ్” అన్నాడట. ఇంకొకడు “రాస్తే ఉద్యోగం గోవిందా” అన్నాడట. రెండు రోజులుగా వాడికి నిద్ర లేదు.

నేను ఇరవై ఏళ్లకు పైగా ఒక వకీలు దగ్గర గుమాస్తాగా పనిచేశాను. కేసులు ఎలా పుడతాయో, ఎలా ముగుస్తాయో దగ్గర నుంచి చూశాను. ముగిసిపోయిందనుకున్న కేసు మళ్లీ ఉద్యోగం ఫారం దగ్గర లేచి కూర్చోవడం ఈ మధ్య మరీ ఎక్కువగా చూస్తున్నాను. సెలెక్ట్ అయిన పిల్లల్లో దీని గురించి ఉన్నంత భయం, ఉన్నన్ని పుకార్లు ఇంకే విషయంలోనూ లేవు. అందుకే కాస్త విడమరిచి రాస్తున్నాను.

ఈ చిక్కుముడిలో మూడు పోగులున్నాయి. కేసు ఉందా లేదా అన్నది ఒకటి. అడిగినప్పుడు ఆ సంగతి చెప్పావా దాచావా అన్నది రెండోది. ఆ కేసును బట్టి చూస్తే నువ్వు పోలీసు ఉద్యోగానికి తగుదువా అన్నది మూడోది. కుర్రాళ్లు మొదటిదాన్నీ మూడోదాన్నీ కలిపేసుకుని రెండోదాని దగ్గర పడిపోతున్నారు. ‘నా మీద పెట్టింది తప్పుడు కేసు, దాన్ని కొట్టేశారు, నేను ఏ తప్పూ చేయలేదు, అందుకని రాయక్కర్లేదు’ అనుకుంటారు. మొదటి మూడు మాటలూ నిజమే కావచ్చు. నాలుగోది మాత్రం తప్పు. ఉద్యోగాలు పోతున్నది ఎక్కువగా ఆ నాలుగో మాట వల్లే.

ఎస్బీ వాళ్లు ఏం చూస్తారు

ప్రభుత్వోద్యోగంలో చేరేవారి నడవడి, పూర్వాపరాలు ఆ కొలువుకు తగినట్టు ఉండాలని 1996 నాటి స్టేట్ అండ్ సబార్డినేట్ సర్వీస్ రూల్స్ చెబుతున్నాయి. టీచరుకైనా, గుమాస్తాకైనా అదే మాట. పోలీసు దగ్గరికి వచ్చేసరికి దాని బరువు పెరుగుతుంది. రేపు ఎఫ్ఐఆర్ రాసేదీ, లాకప్ తాళాలు పట్టుకునేదీ, కోర్టు బోనెక్కి సాక్ష్యం చెప్పేదీ ఇతనే. అందుకే ఈ విషయంలో కోర్టులు పోలీసు శాఖకు కాస్త ఎక్కువ చనువే ఇచ్చాయి. అది న్యాయమేనని నా అభిప్రాయం కూడా. అబద్ధం చెప్పి యూనిఫాం వేసుకున్నవాడి చేతికి మన ఫిర్యాదు కాగితం ఇవ్వాలని ఎవరూ అనుకోరు.

మీరు నింపిన ఫారం మీరు ఉన్న ప్రాంతాల స్పెషల్ బ్రాంచికి వెళ్తుంది. మనవాళ్లు ఎస్బీ అంటారు. స్టేషన్ రికార్డుల్లో మీ పేరుందేమో, రౌడీషీటు, బైండోవర్ (గొడవ చేయనని రాయించుకునే బాండు) లాంటివి ఉన్నాయేమో చూస్తారు. ఇరుగుపొరుగును అడుగుతారు. ఒకప్పుడు ఒక స్టేషన్‌లో ఉన్న కేసు పక్క జిల్లాకు తెలియాలంటే ఉత్తరాలు నడవాలి. ఇప్పుడు స్టేషన్లను కలిపే సీసీటీఎన్‌ఎస్ ఉంది, కోర్టు కేసులకు ఈ-కోర్ట్స్ ఉంది. ‘వేరే ఊళ్లో కేసు, ఎవరికి తెలుస్తుందిలే’ అన్న ధైర్యానికి కాలం చెల్లింది. నివేదిక చివరికి నియామక అధికారి దగ్గరికి చేరుతుంది. సివిల్ కానిస్టేబుల్‌కైతే ఎస్పీ లేదా కమిషనర్, బెటాలియన్లకైతే కమాండెంట్. నిర్ణయం అక్కడ జరుగుతుంది.

ఇక్కడ కాలం కూడా ఒక సమస్య. ఆంధ్రప్రదేశ్‌లో 6,100 కానిస్టేబుల్ పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది 2022 నవంబరులో. ప్రిలిమ్స్ 2023 జనవరి 22న. తుది ఫలితాలు 2025 ఆగస్టులో. అంటే అప్లికేషన్ పెట్టిన రోజుకూ, అటెస్టేషన్ ఫారం నింపే రోజుకూ మధ్య రెండున్నరేళ్లు దాటిపోయాయి. అంత కాలంలో ఇరవై మూడేళ్ల కుర్రాడి జీవితంలో ఎన్ని జరగవు? వినాయక చవితి ఊరేగింపులో గొడవ, అక్క కాపురం చెడి బావ వాళ్లతో రెండు వైపులా కేసులు, ఎన్నికల రోజు పోలింగ్ బూత్ దగ్గర తోపులాట. అప్లికేషన్ నాడు ‘లేదు’ అని రాసింది అక్షరాలా నిజం. అటెస్టేషన్ నాడు అదే మాట తిరిగి రాస్తే అబద్ధం. పాత అప్లికేషన్ చూసి కాపీ కొట్టినట్టు నింపేసి చిక్కుల్లో పడ్డవాళ్లున్నారు. ఏ రోజు సంతకం పెడుతున్నారో ఆ రోజున నిజమేమిటో అదే రాయాలి.

కోర్టులు ఊగిసలాడిన ఇరవై ఏళ్లు

1996లో ఢిల్లీ పోలీస్ కానిస్టేబుల్ ఉద్యోగానికి ఎంపికైన ఒకతని కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. అతను క్రిమినల్ కేసులో నిర్దోషిగా బయటపడ్డాడు. అయినా కోర్టు శాఖ పక్షానే నిలబడింది. ఇక్కడ చూడాల్సింది కేసు ఫలితం కాదని, మనిషి నడవడి అని చెప్పింది. ‘కొట్టేశారు కదా’ అనే వాదన పునాది ఆనాడే కదిలింది. ఈ సంగతి ఇప్పటికీ చాలామందికి తెలియదు.

2005లో వచ్చింది మన రాష్ట్రం కేసే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కానిస్టేబుల్‌గా ఎంపికైన ఒకతను తన మీదున్న కేసు సంగతి రాయలేదని ఉద్యోగం ఆపేశారు. సుప్రీంకోర్టు ఫారం తీసి చూసింది. ఆ గడిలో అడిగింది ‘మీకు ఎప్పుడైనా శిక్ష పడిందా’ అని. అతనికి శిక్ష పడలేదు. అరెస్టు గురించి, పెండింగ్ కేసు గురించి ఫారం అడగనే లేదు. అడగనిది చెప్పకపోతే దాచినట్టు ఎలా అవుతుందని కోర్టు ప్రభుత్వం అప్పీలును తోసిపుచ్చింది. గడిలో ఉన్న ప్రశ్నను పదం పదం చదవాలని ఆ కుర్రాడికి నేను ముందు చెప్పింది ఈ కేసు చూసే.

2011లో ఇంకో మలుపు. ఢిల్లీ పోలీసులో హెడ్ కానిస్టేబుల్ ఉద్యోగానికి అప్లై చేసినప్పుడు ఒక యువకుడు తన కేసు సంగతి రాయలేదు. ఇంట్లో అద్దెకున్నవాళ్లతో గొడవ, రాజీతో ముగిసిన కేసు. తర్వాత అటెస్టేషన్ ఫారంలో తనే బయటపెట్టాడు. ఇరవై ఏళ్ల వయసులో కుర్రాళ్లు తొందరపాటు పనులు చేస్తారని, ఉద్యోగం పోతుందన్న భయంతో చెప్పకపోయి ఉండొచ్చని, అలాంటి వాటిని జీవితాంతం మచ్చగా మోయించకూడదని సుప్రీంకోర్టు అతనికి అండగా నిలిచింది. రెండేళ్లు దాటాయో లేదో, 2013లో, రాజీ ద్వారా బయటపడ్డంత మాత్రాన పోలీసు ఉద్యోగానికి తగినవాడైపోడని, స్క్రీనింగ్ కమిటీ కాదంటే కోర్టులు తేలిగ్గా జోక్యం చేసుకోకూడదని అదే కోర్టులో మరో ధర్మాసనం చెప్పింది.

ఈ గందరగోళం తీర్చడానికే ముగ్గురు జడ్జీల ధర్మాసనం కూర్చుంది. 2016 జులై 21న తీర్పు ఇచ్చింది. లాయర్లంతా దాన్ని అవతార్ సింగ్ కేసు అంటారు. ఈ రోజు ఏ హైకోర్టులోనైనా ఇలాంటి రిట్ వేస్తే వాదన మొదలయ్యేది దానితోనే. కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

అభ్యర్థి చెప్పే సమాచారం నిజమై ఉండాలి, శిక్ష గానీ విడుదల గానీ అరెస్టు గానీ పెండింగ్ కేసు గానీ దాచకూడదు అన్నది మొదటి మాట. అయితే దాచాడని తేలగానే కళ్లు మూసుకుని తీసేయమని ఆ తీర్పు చెప్పలేదు. కేసు ఎలాంటిదో చూడమంది. చిన్న వయసులో నినాదాలు చేసినందుకు పెట్టిన కేసు లాంటి స్వల్ప విషయమైతే, రాసి ఉన్నా ఉద్యోగానికి అడ్డయ్యేది కాదనిపిస్తే, దాచిన తప్పును అధికారి మన్నించవచ్చు. స్వల్పం కాని కేసులో శిక్ష పడితే ఉద్యోగం రద్దు చేయవచ్చు. ఘోరమైన నేరాల్లో, నీతిమాలిన నేరాల్లో సాంకేతిక కారణాలతోనో, సంశయ లాభం కిందనో బయటపడితే, పూర్వాపరాలన్నీ చూసి తగిన నిర్ణయం తీసుకోవచ్చు. అనేక కేసులు పెండింగ్‌లో ఉండి, వాటిని కావాలని దాస్తే మాత్రం ఆ దాపరికమే పెద్ద తప్పు.

కుర్రాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన మాటలు ఇంకొన్ని ఉన్నాయి. ముగిసిపోయిన కేసు గురించి నిజం చెప్పినా సరే, పూర్వాపరాలు చూసే హక్కు అధికారికి ఉంటుంది. ‘చెప్పాను కాబట్టి ఇచ్చి తీరాలి’ అనడానికి లేదు. స్వల్ప కేసు పెండింగ్‌లో ఉందని నిజం చెబితే, కోర్టు తీర్పుకు లోబడి ఉద్యోగం ఇవ్వవచ్చు. కేసు ఉందన్న సంగతి అభ్యర్థికి తెలిసి ఉంటేనే దాచాడనాలి. ఫారంలో ప్రశ్న సూటిగా ఉండాలి, డొంకతిరుగుడుగా ఉండకూడదు. ఉద్యోగంలో కన్ఫర్మ్ అయినవాణ్ణి దాచాడన్న కారణంతో తీసేయాలంటే ముందు శాఖాపరమైన విచారణ జరగాలి. ట్రైనింగ్‌లో ఉన్నవాడికి, ప్రొబేషన్‌లో ఉన్నవాడికి ఈ చివరి రక్ష లేదు. ఎక్కువ మంది దెబ్బతింటున్నది ఆ దశలోనే.

మా ఆఫీసులో మాట, ఫారంలో మాట

ఇప్పుడు నాకు బాగా తెలిసిన చోటికి వస్తాను. సంక్రాంతికి పేకాట, కోడిపందేలు. పోలీసులు పట్టుకుంటారు, స్టేషన్ బెయిల్ ఇస్తారు, తర్వాత కోర్టుకు రమ్మంటారు. ఆ పొద్దున కోర్టు వరండాలో పదిహేను మంది నిలబడి ఉంటారు. మా దగ్గరికి వస్తే మేం చెప్పే మాట ఒకటే. “ఒప్పేసుకో, రెండొందలో మూడొందలో ఫైన్ కట్టేద్దాం, మధ్యాహ్నానికి ఇంటికెళ్లిపోవచ్చు.” వాయిదాలు తప్పుతాయి, ఫీజు తగ్గుతుంది. ఆ సలహా నేనూ ఎంతోమందికి ఇచ్చాను. వాళ్లలో పద్దెనిమిది, పందొమ్మిదేళ్ల పిల్లలు ఉన్నారు. ఒప్పుకుని ఫైన్ కట్టడమంటే చట్టం దృష్టిలో నేరం రుజువై శిక్ష పడ్డట్టే అని వాళ్లకు మేం ఎప్పుడూ చెప్పలేదు. ఇది తలుచుకుంటే ఇప్పుడు బాధగా ఉంటుంది. ‘ఎప్పుడైనా శిక్ష పడిందా, జరిమానా కట్టారా’ అని ఫారం అడిగితే ఆ మూడొందల రసీదుకు జవాబు ‘అవును’.

డ్రంకెన్ డ్రైవ్ కూడా ఇలాంటిదే. సిగ్నల్ దాటినందుకు ఇంటికొచ్చే చలానా వేరు, ఆన్‌లైన్‌లో కట్టేస్తే అయిపోతుంది. తాగి నడిపి బ్రీత్ ఎనలైజర్‌లో దొరికితే అది మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ కింద కోర్టుకు వెళ్లే నేరం. 2019 సవరణ తర్వాత మొదటిసారికే పది వేల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు పడొచ్చు. కౌన్సెలింగ్‌కు వెళ్లాం, ఫైన్ కట్టాం, బండి ఇచ్చేశారు అని తేల్చేసుకుంటారు. అదీ శిక్ష కిందే లెక్క.

చిన్న జరిమానా ఎంత దూరం వెంటాడుతుందో హర్యానా కేసు ఒకటి చెబుతుంది. ప్రభుత్వ కొలువులో ఉన్న ఒకతనికి 1980లో ఒక చిల్లర కేసులో 20 రూపాయల జరిమానా పడింది. నేరం ఒప్పేసుకున్నాడు. దాన్ని చూపించి ఉద్యోగం తీసేశారు. 1996లో సుప్రీంకోర్టు అతని వైపు తీర్పు ఇస్తూ, రెండు వేల రూపాయల్లోపు జరిమానాతో పోయే చిన్న కేసులు ఉద్యోగాలను మింగేయకుండా పార్లమెంటు ఏదైనా చేయాలని కోరింది. 20 రూపాయల కోసం పదహారేళ్లు పోయాయి.

రాజీ సంగతి. క్రిమినల్ కేసులు ఎలా నడవాలో చెప్పే పాత చట్టం సీఆర్‌పీసీలో 320, దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో 359వ సెక్షన్ కింద రాజీ అయిన కేసు నిర్దోషిగా విడుదలైనట్టే లెక్క. ఆ మేరకు మా వీధి కుర్రాడు ‘శిక్ష పడిందా’ అంటే ‘లేదు’ అని ధైర్యంగా రాయొచ్చు. ‘కేసు నమోదైందా’ అంటే మాత్రం ‘అవును, ఫలానా తేదీన రాజీ అయింది’ అని రాయాలి. రాజీ వల్ల శిక్ష తప్పుతుంది గానీ జరిగింది జరగనట్టు అవదు. సాక్షులు హాస్టైల్ అయి, అంటే మాట మార్చి, కొట్టేసిన కేసుకైనా ఇదే వర్తిస్తుంది. పూర్తి విచారణ జరిగి, ఇతనికి ఈ నేరంతో సంబంధమే లేదని కోర్టు తేల్చడాన్ని గౌరవప్రదమైన విడుదల అంటారు. ఫిర్యాదుదారు మాట మార్చినందుకు కేసు వీగిపోవడం అలాంటిది కాదు. మధ్యప్రదేశ్ కానిస్టేబుల్ అభ్యర్థి ఒకతను, మైనర్ బాలికను వేధించిన కేసులో రాజీతో బయటపడ్డాడు. ఫారంలో నిజమే రాశాడు. అయినా అతన్ని తీసుకోకపోవడం సబబేనని 2023లో సుప్రీంకోర్టు అంది. చెప్పడం ఒక మెట్టు, తగినవాడని తేలడం ఇంకో మెట్టు అన్నది ఇక్కడ కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది.

ఉద్యమాల కేసులది వేరే కథ. ‘ప్రభుత్వం కేసులు ఎత్తేసింది, జీవో వచ్చింది’ అని నాయకులు చెబుతారు, పేపర్లో వస్తుంది. జీవో వచ్చినంత మాత్రాన కేసు పోదు. పబ్లిక్ ప్రాసిక్యూటర్ కోర్టులో పిటిషన్ వేయాలి, జడ్జి ఒప్పుకోవాలి. పాత చట్టంలో 321, కొత్త దానిలో 360వ సెక్షన్ అదే చెబుతుంది. ఆ ఆర్డరు కాపీ చేతికి రాకపోతే కేసు ఉన్నట్టే. 2022 జూన్ 17న సికింద్రాబాద్ రైల్వే స్టేషన్‌లో, సైన్యం కొత్త నియామక పథకం అగ్నిపథ్‌కు వ్యతిరేకంగా రైళ్లు తగలబెట్టిన గొడవలో ఉన్నవాళ్లలో చాలామంది ఆర్మీకి ప్రాక్టీసు చేస్తున్న కుర్రాళ్లే. రెండు రోజులకే సైన్యం చెప్పేసింది, ఈ దహనకాండలో పాల్గొనలేదని ప్రతి అభ్యర్థీ రాసివ్వాలి, పోలీసు వెరిఫికేషన్ లేకుండా ఎవరినీ తీసుకోం అని. వాట్సాప్ గ్రూపులో వచ్చిన ఒక్క మెసేజ్ చూసి రైలెక్కి వచ్చిన పిల్లలు ఏ ఉద్యోగం కోసం వచ్చారో ఆ ఉద్యోగానికే దూరమయ్యే పరిస్థితి తెచ్చుకున్నారు.

కేసు ఉన్నట్టు తెలియనివాళ్లు

కేసు ఉందని నిజంగానే తెలియని పిల్లలున్నారు. అయిదుగురు అన్నదమ్ముల ఇంట్లో ఏ5గా పేరుంటుంది. నోటీసు పెద్దవాళ్లు తీసుకుంటారు. చదువుకునేవాడి మనసు పాడవుతుందని వాడికి చెప్పరు. ఏడేళ్ల లోపు శిక్ష పడే కేసుల్లో చాలావరకు అరెస్టు చేయకుండా నోటీసు ఇచ్చి పంపేస్తున్నారు. పాత సీఆర్‌పీసీలో 41ఏ, ఇప్పటి బీఎన్‌ఎస్‌ఎస్‌లో 35(3) నోటీసు అంటే ఇదే. అరెస్టు కాలేదు కాబట్టి కేసు లేదనుకుంటారు. రెండూ ఒకటి కాదు. బైండోవర్ అయితే ఇంకా అయోమయం. ఎన్నికల ముందు తహసీల్దార్ ఆఫీసుకు తీసుకెళ్లి బాండు మీద సంతకం పెట్టిస్తారు. అది నేరం మోపిన కేసు కాదు, శాంతిభద్రతల జాగ్రత్త. కానీ కేంద్ర ప్రభుత్వ అటెస్టేషన్ ఫారంలో బైండోవర్ గురించి విడిగా అడుగుతారు. అడిగిన చోట చెప్పాలి.

కాబట్టి ఫారం చేతికి రాకముందే వెతుక్కోవడం మంచిది. సున్నితమైన కేసులు తప్ప మిగతా ఎఫ్ఐఆర్‌లను 24 గంటల్లో వెబ్‌సైట్‌లో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు ఆదేశించింది. రాష్ట్ర పోలీసు వెబ్‌సైట్లో స్టేషన్, సంవత్సరం చూసి వెతకొచ్చు. ఈ-కోర్ట్స్‌లో పేరుతో వెతకొచ్చు. అన్నిటికంటే ముందు ఇంట్లో అమ్మానాన్నల్ని కూర్చోబెట్టి, ‘గొడవల్లో నా పేరు ఎప్పుడైనా రాశారా’ అని సూటిగా అడగాలి. ఎఫ్ఐఆర్‌లో పేరుండి ఛార్జిషీటులో తీసేసిన సందర్భాలు, ఫాల్స్ అని పోలీసులే కోర్టుకు రాసి మూసేసిన సందర్భాలు కూడా ఉంటాయి. ‘ఎప్పుడైనా కేసు నమోదైందా’ అని అడిగితే వాటినీ రాసి, తర్వాత ఏమైందో పక్కనే చెప్పాలి.

పద్దెనిమిదేళ్లు నిండకముందు జరిగిన వాటికి వేరే లెక్క. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం, పదహారు దాటి పెద్దవాడిగా విచారించిన కేసుల్లో తప్ప, బాలుడిగా చేసిన తప్పు వల్ల భవిష్యత్తులో ఏ అనర్హతా అంటకూడదు. పిల్లలకు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టే అవకాశం ఇవ్వడం ఆ చట్టం ఉద్దేశం. మైనర్‌గా ఉన్నప్పటి కేసు చూపి సీఐఎస్‌ఎఫ్‌లో ఎస్సైగా ఎంపికైన యువకుణ్ణి కాదనడం కుదరదని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇలాంటి కేసున్న వాళ్లు సొంత తెలివితో నింపకుండా తెలిసిన లాయరుకు ఫారం చూపించి నింపడం మేలు.

షోకాజ్ నోటీసు వచ్చాక

రాసినా, రాయకపోయినా, రికార్డులో కేసు కనిపిస్తే సాధారణంగా ముందు షోకాజ్ నోటీసు వస్తుంది. చాలామంది దీన్ని లాంఛనం అనుకుని ‘నేను నిర్దోషిని, దయచేసి ఉద్యోగం ఇవ్వండి’ అని రెండు లైన్లు రాసి పంపుతారు. తర్వాత హైకోర్టుకు వెళ్లినప్పుడు జడ్జి ముందు తెరిచి చూసేది ఆ రెండు లైన్లనే. ఎఫ్ఐఆర్ కాపీ, తీర్పు సర్టిఫైడ్ కాపీ, కేసులో తన పాత్ర ఏమిటని ఆరోపించారు, అప్పటికి తన వయసెంత, ఏ సెక్షన్లు, ఎలా ముగిసింది, ఫారంలో గడి ఏమడిగింది, తను ఏం రాశాడు, ఎందుకు అలా రాశాడు అన్నీ ఆ జవాబులో ఉండాలి. 2016 తీర్పులోని అంశాలన్నీ ఈ వివరాల మీదే ఆధారపడి ఉన్నాయి.

అధికారుల వైపు కూడా ఒక మాట చెప్పాలి. రద్దు ఉత్తర్వుల్లో కొన్ని ఎంత పొడిగా ఉంటాయంటే, ‘క్రిమినల్ కేసు దాచినందున ఎంపిక రద్దు’ అని ఒకే వాక్యం. కేసు స్వభావం లేదు, వయసు లేదు, తీర్పు ఎలా వచ్చిందో లేదు. ఇది కుదరదని 2022 మేలో రైల్వే రక్షణ దళం కానిస్టేబుల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. దాచినవాడికి ఉద్యోగం మీద హక్కు ఉండకపోవచ్చు, కానీ తన విషయాన్ని ఇష్టారాజ్యంగా తేల్చకుండా చూసుకునే హక్కు ఉంటుందని. అదే ఏడాది సెప్టెంబరులో సీఆర్‌పీఎఫ్ కేసులో మరో ధర్మాసనం, యూనిఫాం ఉద్యోగంలో నిజాయితీయే ప్రాణమని, దాపరికాన్ని తేలిగ్గా తీసుకోలేమని గట్టిగా చెప్పింది. రెండు తీర్పులూ పక్కపక్కన పెట్టి చదివితే ఒకటి తెలుస్తుంది. అధికారికి తూకం వేసే అధికారం ఉంది, కానీ తూకం వేశానని ఉత్తర్వులో చూపించాలి.

2024 ఫిబ్రవరిలో ఉత్తరప్రదేశ్ కేసు ఒకటి ముగిసింది. 2004లో కానిస్టేబుల్‌గా ఎంపికైన యువకుడు అతను. అప్లికేషన్ పెట్టేనాటికి కేసు లేదు. తర్వాత పడింది, అదే ఏడాది నిర్దోషిగా విడుదల కూడా అయ్యాడు. అఫిడవిట్‌లో ఆ సంగతి రాయలేదు. స్టేషన్ నుంచి వెళ్లిన నివేదికలో అతని ప్రవర్తన గురించి మంచిమాటే ఉంది. అయినా ఎంపిక రద్దయింది. ఇంత పెద్ద దేశంలో క్షేత్రస్థాయి పరిస్థితులు చూడకుండా, చెప్పని ప్రతివాణ్ణీ ఒకే గాటన కట్టేయడం అన్యాయమని సుప్రీంకోర్టు అంటూ ఆ రద్దును కొట్టేసింది. న్యాయం దొరికింది, నిజమే. కానీ ఇరవైల్లో పోలీసు కావాలనుకున్న మనిషికి ఆ తీర్పు వచ్చేసరికి నడివయసు వచ్చేసింది. ఒక్క లైను రాసి ఉంటే, లేదా ఒక అధికారి ఆ నివేదికను శ్రద్ధగా చదివి ఉంటే, ఇరవై ఏళ్లు మిగిలేవి.

నా మనసులో మాట ఒకటి. ఫారం తెలుగులో, చిన్న చిన్న ప్రశ్నలుగా ఉండాలి. రాజీ అయినా, కొట్టేసినా, ఫైన్ కట్టినా, నోటీసు మాత్రమే వచ్చినా రాయాలని ఉదాహరణలతో చెప్పాలి. సర్టిఫికెట్ వెరిఫికేషన్ రోజున ఎత్తు, ఛాతీ, రిజర్వేషన్ కాగితాల గురించి గంటసేపు చెప్పే చోట, ఈ గడి గురించి అయిదు నిమిషాలు చెప్పినా ఎంతోమంది బతుకులు నిలబడతాయి. కోచింగ్ సెంటర్లు గ్రౌండ్‌లో 1600 మీటర్లు పరిగెత్తించే శ్రద్ధలో కొంచెం దీనికీ పెట్టాలి. మా గుమాస్తాలూ, వకీళ్లూ కుర్రాళ్లను ఒప్పేసుకోమని చెప్పేముందు ‘నువ్వేం చదువుతున్నావు, ఏ ఉద్యోగానికి ప్రిపేర్ అవుతున్నావు’ అని ఒక్క ప్రశ్న అడగాలి.

ఆ రాత్రి మా ఇంట్లో కూర్చుని కుర్రాడు ఆ గడి నింపాడు. స్టేషన్ పేరు, క్రైం నంబరు, సెక్షన్లు, తను ఏ5 అన్న సంగతి, లోక్ అదాలత్‌లో రాజీ అయిన తేదీ. గడి సరిపోలేదు. తెల్ల కాగితం మీద మిగతాది రాసి, సంతకం పెట్టి, ‘జతచేసిన పత్రం చూడగలరు’ అని గడిలో రాయమన్నాను. మర్నాడు కోర్టుకెళ్లి అవార్డు, అంటే లోక్ అదాలత్ తీర్పు, సర్టిఫైడ్ కాపీకి కాపీ అప్లికేషన్ వేశాడు. నాలుగు రోజులకు చేతికొచ్చింది. అన్నీ జిరాక్స్ తీయించి ఒక సెట్టు ఇంట్లో దాచుకోమన్నాను.

మూడు వారాల తర్వాత ఎస్బీ కానిస్టేబుల్ వాళ్లింటికి వచ్చాడు. కుర్రాడు గ్రౌండ్‌కు వెళ్లాడు. వచ్చినాయన అరుగు మీద కూర్చుని మంచినీళ్లు తాగి, “కేసు రాశాడుగా, దాని కాగితాలు ఉన్నాయా అమ్మా?” అని అడిగాడట. వాళ్లమ్మ లోపలికెళ్లి బీరువాలోంచి ఆ ప్లాస్టిక్ ఫైలు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.